దత్తత విచారణకు మన ఇళ్ళు ఎందుకు వెనకాడాలి?

గత సంవత్సరం రంజాన్ ముగిసిన కొద్ది రోజులకు మా వీధిలోని భార్యాభర్తలు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు మా ముందు పెట్టారు. ఆయనకు మోటారు వైండింగ్ దుకాణం ఉన్నది. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. నికాహ్ జరిగి పదిహేడేళ్ళు. సంతానం లేదు. ఆసుపత్రుల చుట్టూ తిరగడంలో నగలు పోయాయి, వయస్సు కూడా పోయింది. "చాచా, బిడ్డను తెచ్చుకోవాలని అనుకున్నాము. ప్రభుత్వం వారు ఇల్లు చూడటానికి వస్తారట. ఏమి అడుగుతారో, ఏమి చెప్పాలో తెలియడం లేదు" అన్నారు ఆమె. ఆయన చాలాసేపు నేల వైపు చూస్తూ కూర్చుని, చివరకు నోరు విప్పారు. "అసలు ఇది జాయిజేనా అని మావాళ్ళందరూ అడుగుతున్నారు."

ఒక ప్రశ్న కార్యాలయానిది, మరొక ప్రశ్న మన వారిది. ఈ రెంటి నడుమ ఆ దంపతులు ఎంత నలిగారో మేము దగ్గర నుండి చూచాము. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసిన వారము గనుక కాగితాలంటే మాకు భయం లేదు. ధర్మశాస్త్రం విషయంలో మాత్రం మేము ఆలిములము కాము. ఉలమా చెప్పినది విని, చదివి, అర్థం చేసుకున్నంత మేరకే ఇక్కడ రాస్తున్నాము.

మా అభిప్రాయాన్ని ముందే చెప్పివేస్తాము. దత్తతకు ముందు జరిగే గృహ పరిశీలనను మన వారు పోలీసు విచారణలా ఊహించుకుని భయపడుతున్నారు. నిజానికి ఆ పరిశీలనలో అడిగే ముఖ్యమైన ప్రశ్నలు మన షరీఅత్ మనలను అడిగే ప్రశ్నలే. భయపడవలసిన దారి వేరే ఉన్నది. ఆ దారిలో మన వారు భయం లేకుండా నడుస్తున్నారు.

ముందు కాగితాల సంగతి. దేశంలో అనాథ బాలలను, విడిచిపెట్టబడిన బాలలను, తల్లిదండ్రులే అప్పగించిన బాలలను దత్తత తీసుకోవాలంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ, అనగా 'కారా', నిర్వహించే పోర్టల్‌లో నమోదు కావాలి. వయస్సు, నివాసం, ఆదాయం, వివాహం, ఆరోగ్యం, వీటన్నిటికీ రుజువులు సమర్పించాలి. ఎరిగిన వారి నుండి రెండు పరిచయ లేఖలు ఇవ్వాలి. ఆ తరువాత సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి, మాట్లాడి, చూచి, నివేదిక రాస్తారు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం కాగితాలు సమర్పించిన 60 రోజులలో ఈ పని పూర్తి కావాలి. నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది. తిరస్కరిస్తే కారణం చెప్పాలి, దానిపై అప్పీలు చేసుకునే వీలున్నది. బిడ్డ ఇంటికి వచ్చిన తరువాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకు ఒకసారి వచ్చి బాగోగులు చూస్తారు. తుది ఉత్తర్వు ఇదివరకు కోర్టు ఇచ్చేది. 2021 సవరణ అమలులోకి వచ్చినప్పటి నుండి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.

ఆ ప్లాస్టిక్ సంచి విప్పి చూడగా మాకు పాత ఉద్యోగం గుర్తుకు వచ్చింది. ఆమె పేరు పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, నికాహ్‌నామాలో ఇంకొక విధంగా ఉన్నది. మన పేర్లు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు లిపుల గుండా ప్రయాణం చేసేసరికి ఒకే మనిషి ముగ్గురవుతారు. ఇది ఆమె తప్పు కాదు, రాసిన గుమాస్తాలది. అందులో మా వంటి వారి చేయి కూడా ఉండే ఉంటుంది. నికాహ్‌నామా ఉర్దూలో ఉన్నందున వివాహ ధ్రువపత్రం తెమ్మన్నారు. వీటిని సరిచేయడానికే రెండు నెలలు పట్టింది. సంతానం కోసం కాకపోయినా, ప్రతి కుటుంబం ఈ మూడు పేర్లను ఈ రోజే ఒకటి చేసుకోవాలని మా మనవి.

ఇక పరిశీలన జరిగిన రోజు. పరిచయ లేఖ రాసిన వారిలో మేము ఒకరము గనుక మమ్మల్ని కూడా రమ్మన్నారు. వచ్చిన సామాజిక కార్యకర్త చిన్న వయస్సు అమ్మాయి, మర్యాదస్తురాలు. ఇల్లు తుడిచి, కడిగి, కొత్త దుప్పట్లు పరచి ఉంచారు ఆ దంపతులు. ఆమె దుప్పట్లను చూడనే లేదు. బిడ్డ ఎందుకు కావాలనుకుంటున్నారు, ఇద్దరిలో ఎవరు ముందు అనుకున్నారు, బిడ్డ జబ్బుపడితే దుకాణం ఎవరు మూస్తారు, బడి ఎవరు మానుతారు, తరువాత మీకే బిడ్డ పుడితే ఏమి చేస్తారు అని అడిగారు. ఒకరు లేకుండా మరొకరిని కూడా అడిగారు. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. మన ఆడపిల్లకు సంబంధం చూచేటప్పుడు ఇంతకంటే ఎక్కువే అడుగుతాము కదా!

మూడేళ్ళలో రెండు ఇళ్ళు ఎందుకు మారారని ఆమె అడిగినప్పుడు ఆయన "ఓనర్లు ఖాళీ చేయమన్నారు" అని ఊరుకున్నారు. మేము ఊరుకోలేకపోయాము. పేరు చెప్పగానే టులెట్ బోర్డు తిప్పేసిన ఇళ్ళు ఎన్నో, ఇచ్చిన ఇంట్లో మాంసం వండరాదన్న షరతు ఎలా వచ్చిందో, అది ఎలా తగవుగా మారిందో ఆమెకు చెప్పాము. ఆమె రాసుకున్నారు. ఇల్లు తరచుగా మారడం నిలకడ లేకపోవడానికి గుర్తుగా ఫైలులో పడితే, ఒకరు చేసిన అన్యాయానికి మరొకరు మార్కులు పోగొట్టుకున్నట్లవుతుంది. ఇటువంటి సందర్భాలలో మన వారు సిగ్గుపడి కారణాన్ని దాచుతారు. దాచరాదు. అసలు కారణం రాయించాలి.

తరువాత వచ్చినది ఆ దంపతులు భయపడుతున్న ప్రశ్న. "మీ మతంలో దత్తత లేదు కదమ్మా! రేపు మీ పెద్దలు కాదంటే బిడ్డను వెనక్కి తెచ్చి ఇస్తారా?" అన్నారు సామాజిక కార్యకర్త.

దురుద్దేశంతో అడిగిన మాట కాదని మేము నమ్ముతున్నాము. కానీ అడగరాని మాట. 2015 బాలల న్యాయ చట్టం 58వ సెక్షన్ భారతదేశంలో నివసించే దరఖాస్తుదారులకు మతంతో నిమిత్తం లేకుండా ఈ అవకాశం ఇచ్చింది. అంతకు ముందే, 2014 ఫిబ్రవరి 19న షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. బాలల న్యాయ చట్టం దారి చూపే చట్టమే తప్ప ఎవరినీ బలవంతపెట్టేది కాదని, ఇష్టమైన వారు ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని, తమ మత చట్టాన్ని అనుసరించదలచిన వారు దానిని అనుసరించవచ్చునని ఆ తీర్పు సారాంశం. ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆ కేసులో కఫాలా పద్ధతి గురించి తన వాదన వినిపించింది. దత్తతను ప్రాథమిక హక్కుగా ప్రకటించమన్న కోరికను కోర్టు అంగీకరించలేదు. అంటే ఉభయుల మాటనూ విని, ఎంపికను కుటుంబానికి వదిలింది. అందువల్ల అధికారి ఫలానా కుటుంబం బిడ్డను చక్కగా పెంచగలదా అని మాత్రమే చూడాలి. ఫలానా మతం ఏమంటుందని తీర్పు చెప్పే పని వారిది కాదు.

అయితే ఆ ప్రశ్నను ఆమె నోట పెట్టినది ఎవరు? మనమే కదా! దత్తత హరాం అన్న ఒక్క మాటను బజారులో వదిలి, ఆ తరువాతి మాట చెప్పకుండా ఊరుకున్నది మనమే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జన్మించక ముందే తండ్రిని, ఆరేళ్ళకు తల్లిని, ఎనిమిదేళ్ళకు తాతను కోల్పోయి పినతండ్రి ఇంట పెరిగిన యతీం. హజ్రత్ మర్యంను పెంచే బాధ్యత హజ్రత్ జకరియ్యా (అలై) వహించారని దివ్య ఖుర్‌ఆన్ చెబుతున్నది. కఫాలా అన్న పదానికి మూలమైన మాట ఆ సందర్భంలోనే వస్తుంది. యతీంను పోషించిన వారికి స్వర్గంలో ప్రవక్త (స) సామీప్యం ఎంత దగ్గరదో తన రెండు వేళ్ళు చూపి చెప్పారన్న హదీసు ఎరుగని ఇల్లు మనలో లేదు. ఇక నిషేధం దేనిపై? హజ్రత్ జైద్ (రజి)ను లోకం జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేది. అహ్‌జాబ్ సూరా అవతరించిన తరువాత ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. పెంచిన వారిని కన్నవారిగా చూపి వంశాన్ని మరుగుపరచరాదన్నది ఆ ఆజ్ఞ. తండ్రులెవరో తెలియకపోతే వారు మీకు ధర్మ సోదరులు, ఆప్తులు అన్న ఊరట కూడా అక్కడే ఉన్నది. బిడ్డను ఇంటికి తేవద్దని, కడుపులో పెట్టుకుని పెంచవద్దని ఎక్కడా లేదు.

ఈ వెలుగులో సామాజిక కార్యకర్త అడిగిన మరొక ప్రశ్న చూడండి. "పెంచుకున్న బిడ్డ అని బిడ్డకు చెబుతారా, దాచుతారా?" ఆయన తల్లి లోపలి నుండి, "ఎందుకు చెప్పాలి? మా మనవడే అనుకుంటారు అందరూ" అన్నారు ప్రేమతోనే. కోడలు మెల్లగా, కానీ స్పష్టంగా జవాబిచ్చారు. "దాచము మేడం. మా దీన్‌లో దాచకూడదు. మాటలు వచ్చే వయస్సు నుంచే కథలా చెబుతాము." సామాజిక కార్యకర్త తల వంచుకుని చాలాసేపు రాసుకున్నారు. మతం అడ్డు అనుకుని అడిగిన ఆమెకు, ఆ మతం నుండే తాను కోరిన జవాబు వచ్చింది.

విడిచిపెట్టబడిన బిడ్డను దత్తతకు అర్హుడని ప్రకటించే ముందు చట్టం ఏమి చేస్తున్నదో కూడా మన పెద్దలు గమనించాలి. కన్నవారి కోసం వెదకాలి. ఆ తరువాతనే బాలల సంక్షేమ సమితి ప్రకటన చేయాలి. కన్నవారే అప్పగించినప్పుడు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. పెద్దయిన తరువాత తన మూలాల గురించి బిడ్డ అడిగితే నిబంధనలకు లోబడి తెలియజేసే ఏర్పాటు ఉన్నది. వంశం మరుగున పడకూడదని మనము అంటున్నాము. ఆ వెదకులాట ఫైలులో భద్రంగా ఉండేది ఈ దారిలోనే.

మరి రెండవ దారి ఏమిటి? నర్సింగ్ హోంలో ఎవరో పేద అమ్మాయి ప్రసవిస్తుంది. మధ్యవర్తి ఫోను చేస్తాడు. డబ్బు చేతులు మారుతుంది. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్ల దగ్గర కొన్నవారి పేర్లే పడతాయి. మన వారిలో దత్తత హరాం అన్న ఇళ్ళలోనే ఇది జరిగినట్లు మేము ఎరుగుదుము. వంశాన్ని అబద్ధం చేయడమంటే ఇదే కదా! కన్నతల్లికి రెండు నెలల గడువు లేదు, రెండు నిమిషాలు లేవు. చట్టం దృష్టిలో ఇది బిడ్డ అమ్మకం, కొనుగోలు: 81వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా, ఆసుపత్రి సిబ్బంది చేయి ఉంటే వారికి మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు. పదేళ్ళకో, పదిహేనేళ్ళకో మధ్యవర్తి పట్టుబడితే, తలుపు తట్టేది అమ్మా అని పిలిచే బిడ్డ ఉన్న ఇంటినే.

అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ముల మధ్య బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం మనలో ఎక్కువ. మాట మీద, నమ్మకం మీద జరుగుతుంది. మంచిదే. కానీ బడిలో ఒక పేరు, రేషన్ కార్డులో మరొక పేరు, పాస్‌పోర్టు దగ్గర ఆగిపోవడం. ఇవి మాకు వారానికి ఒకటి వస్తున్నాయి. బంధువుల బిడ్డను తీసుకోవడానికి కూడా 56వ సెక్షన్ మతంతో నిమిత్తం లేకుండా అవకాశం ఇచ్చింది. మేనమామ, మేనత్త, చిన్నాన్న, పెద్దనాన్న, పిన్ని, పెద్దమ్మ, తాత, అవ్వ ఈ నిర్వచనంలోకి వస్తారు. దత్తత వద్దనుకునే వారికి 1890 నాటి సంరక్షకుల చట్టం ఉండనే ఉన్నది. అయితే ఆ సంరక్షకత్వం బిడ్డ మేజరు కాగానే ముగుస్తుంది.

ఇక ఆస్తి. నిజం చెప్పాలంటే, "జాయిజేనా" అన్న ప్రశ్న వెనుక సగం సార్లు ఉండేది ఇల్లు, పొలం. దత్తత ఉత్తర్వుతో బిడ్డ చట్టరీత్యా అన్ని విషయాలలోనూ ఆ దంపతుల బిడ్డ అవుతాడు. షరీఅత్ ప్రకారం పెంపుడు బిడ్డ వారసుడు కాడు. రెండూ ఢీకొంటాయని బెదిరించే బంధువులు ఆ తరువాతి పేజీ తిప్పరు. జీవితకాలంలో హిబా చేయడానికి షరీఅత్‌లో పరిమితి లేదు. వారసుడు కాని వారికి ఆస్తిలో మూడవ వంతు వరకు వసియ్యత్ రాయవచ్చు. ఇస్తున్నానన్న ప్రకటన, అంగీకారం, స్వాధీనం, ఈ మూడూ ఉంటే నోటి మాటతో చేసిన హిబా కూడా చెల్లుతుంది. అయినా గుమాస్తాగా ఒక మాట: నోటితో ఇచ్చినది మ్యుటేషన్ దగ్గరకు రాగానే మూగబోతుంది. కాగితం రాసి రిజిస్టరు చేయించండి. మా దంపతులు తమకున్న ఒకే ఒక ఆస్తి, దుకాణం ఉన్న స్థలం, గురించి ఈ నిర్ణయం తీసుకుని ఆయన అన్నదమ్ములకు ముందే చెప్పారు. ఒక అన్న మూడు నెలలు మాట్లాడలేదు. తరువాత మాట్లాడారు.

మాకు నిజంగా బాధ కలిగించినది మరొకటి ఉన్నది. నిబంధనలలో దంపతుల ఉమ్మడి వయస్సుకు హద్దు పెట్టారు: రెండేళ్ళ లోపు బిడ్డకు 85, రెండు నుండి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుండి ఎనిమిదేళ్ళకు 100, ఆపైన 110. నమోదు చేసుకున్న రోజున ఆయనకు 46, ఆమెకు 41. మొత్తం 87. రెండేళ్ళ లోపు బిడ్డ అవకాశం అక్కడికక్కడే మూసుకుపోయింది. ఒక్క సంవత్సరం ముందు వచ్చి ఉంటే 85. ఆ సంవత్సరమంతా వారు ఏమి చేశారు? పెద్దల జవాబు కోసం ఎదురుచూచారు. "కనుక్కొని చెబుతాము" అన్నవారు జుమా వెంట జుమా దాటవేశారు. కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు.

ఆ ఏడాది ఆమె చెల్లెలి ఒడిలో పాలు తాగే బిడ్డ ఉన్నది. రెండేళ్ళ లోపు మగబిడ్డ వచ్చి, ఆ చెల్లెలు పాలిచ్చి ఉంటే రిజాఅత్ ద్వారా ఈమె ఆ బిడ్డకు ఖాలా అయ్యేది. పర్దా ప్రశ్న, మహ్రమ్ ప్రశ్న ఉండేవి కావు. ఆడబిడ్డ అయితే ఆయన అక్కచెల్లెళ్ళ ద్వారా ఇదే దారి. పోర్టల్ వరుసలో ఎదురుచూపు ఏళ్ళ తరబడి సాగుతుంది గనుక చెల్లెలికి పాలు ఉన్న రోజులలోనే బిడ్డ వచ్చేదని మేము అనలేము. కానీ తలుపు తెరిచి ఉండేది. షరీఅత్ చూపిన ఆ తలుపును మూసినది ప్రభుత్వం కాదు. షరీఅత్ పేరుతో జవాబు వాయిదా వేసిన మన వారే.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో దత్తతతో పాటు ఇస్లామీయ కఫాలాను పేరుపెట్టి పేర్కొన్నారు. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. అయినా వంశనామం మార్చకుండా, బిడ్డ మేజరైన తరువాత కూడా తెగిపోని బంధంతో పెంచుకోవాలనుకునే ముస్లిం దంపతులకు చట్టంలో ఆ పేరుతో ఒక మార్గం లేదు. దత్తత తరువాత జనన ధ్రువపత్రంలో పెంచిన వారి పేర్లే తల్లిదండ్రులుగా వస్తాయి. మా దంపతులు ఆ కాగితాన్ని కాగితంగా స్వీకరించి, ఇంట్లో నిజం చెప్పాలని నిర్ణయించుకున్నారు. అందుకు మనసొప్పని వారు ఉన్నారు. వారికి కూడా ఒక తలుపు కావాలి. ఈ కోరికను మన సంఘాలు స్పష్టమైన ముసాయిదాగా రాసి ఇవ్వాలి. వద్దు అనడం మనకు అలవాటు. 1972లో అందరికీ కలిపి దత్తత బిల్లు తెచ్చినప్పుడు కూడా వద్దన్నాము. ఏమి కావాలో చెప్పడం ఇంకా మిగిలి ఉన్నది.

నివేదిక అనుకూలంగానే వచ్చింది. దంపతులు ఇప్పుడు వరుసలో ఉన్నారు. ఆమె రోజూ పడుకునే ముందు ఫోనులో తమ సంఖ్య ఎంత వరకు వచ్చిందో చూచుకుంటారు. బిడ్డ చూపబడిన తరువాత 48 గంటలలో సమ్మతి తెలపాలి గనుక ఆయన దుకాణంలో కూడా చార్జరు పెట్టుకున్నారు. రెండు నుండి నాలుగేళ్ళ బిడ్డ అంటే నడిచి వచ్చే బిడ్డ, ఏదో ఒక పేరుతో పిలిస్తే పలికే బిడ్డ. ఆ పేరును ఏమి చేయాలన్న దాని మీద ఇంట్లో ఇప్పటికే చర్చ మొదలయింది. అవ్వ ఒక పేరు అనుకున్నారు. కోడలు మాత్రం బిడ్డ వచ్చి, తన పేరు తాను చెప్పే దాకా ఆగుదామంటున్నారు.

రెండవ పరిచయ లేఖ మా మొహల్లా మస్జిద్ ఇమాం సాహెబ్ రాశారు. మొదట వెనకాడారు. మేము చిత్తుప్రతి రాసి తీసుకువెళ్ళాము. ఆయన రెండు రోజులు తన వద్ద ఉంచుకుని, ఒక వాక్యం కొట్టివేసి, తన సొంత వాక్యం చేర్చి, మస్జిద్ ముద్రతో సంతకం చేసి ఇచ్చారు. ఈ కుటుంబం యతీం బిడ్డను అమానత్‌గా పెంచుతుందని, ఆ బిడ్డ బాధ్యతలో మొహల్లా జమాఅత్ తోడుగా ఉంటుందని ఆ వాక్యం. ఆ లేఖ నకలు మా వద్ద ఉన్నది. దరఖాస్తు చేసుకునే దంపతులకు గానీ, రాయడానికి వెనకాడుతున్న మస్జిద్ కమిటీలకు గానీ కావాలంటే పత్రిక కార్యాలయం ద్వారా అడగండి, పంపిస్తాము.